బల్ల దగ్గరి వరసలో ఫోన్

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నాకు 31 ఏళ్ళు. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో ఉంటాం. మావారికి నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. బాబుకి నాలుగేళ్ళు. మా సంఘంలో సండే స్కూల్ చెబుతాను. రాత్రి బాబు పడుకున్నాక పది నిమిషాలు వాక్యం చదువుకుందామని ఫోన్ తీస్తాను. బైబిల్ యాప్ తెరిచేలోపే పైన ఏదో నోటిఫికేషన్ కనపడుతుంది. మళ్ళీ తలెత్తి చూస్తే ఒంటిగంటన్నర. చెడ్డవేం చూడనండీ. వంటలు, చీరలు, పిల్లల అల్లరి, పాటలు, దైవజనుల ప్రసంగాల ముక్కలు, అంతే. ఇన్‌స్టాగ్రామ్ నాలుగుసార్లు తీసేశాను, నాలుగుసార్లూ మళ్ళీ వేసుకున్నాను. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఇక చూడనని దేవుడికి మాటిచ్చాను. తొమ్మిదో తారీఖుకే తప్పాను. మొన్న ఆదివారం ప్రభువు బల్ల దగ్గర సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవడానికి వరసలో నిలబడ్డాను. వరస కాసేపు ఆగింది. నాకు తెలీకుండానే చెయ్యి బ్యాగులోకి పోయింది. రెండు రీల్స్ అయ్యాక గానీ ఎక్కడున్నానో గుర్తుకు రాలేదు. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. ఇది పాపమా? నా భక్తి అంతా నటనేనా? సండే స్కూల్ మానెయ్యాలా? మా సంఘంలో ఒక పెద్దాయన ఫోన్ అమ్మేసి కీప్యాడ్ ఫోన్ కొనుక్కోమంటున్నారు. — పేరు వెయ్యొద్దండీ, ఒక సోదరి.

జవాబు:

అమ్మా, ముందు తేలిగ్గా తేలిపోయేది చెప్పేస్తాను. సండే స్కూల్ మానకు. ఏ శోధనా లేనివాళ్ళే పిల్లలకి పాఠం చెప్పాలంటే మన దగ్గర ఒక్క సండే స్కూలూ నడవదు. చాపలు పరిచేవాళ్ళు కూడా మిగలరు.

పాపమా అని అడిగావు. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయం, పన్నెండో వచనం తియ్యి. "అన్నిటియందు నాకు స్వాతంత్ర్యము కలదు గాని అన్నియు చేయదగినవి కావు. అన్నిటియందు నాకు స్వాతంత్ర్యము కలదు గాని నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను." ఆ వస్తువు మంచిదా చెడ్డదా అన్న దగ్గరే పౌలు ఆగిపోలేదు. ఎవరి చేతిలో ఎవరున్నారు అని చూశాడు. గుత్తొంకాయ కూర వీడియోలో పాపమేముంటుంది? కానీ రాత్రి పన్నెండింటికి "ఇదొక్కటీ చూసి ఆపేస్తా" అనుకుని ఆపలేకపోయావు చూడు, పౌలు వేలు పెట్టింది అక్కడ. నువ్వు దొంగతనం చేసినదానిలా రాశావు. నాకు మాత్రం, నీ దగ్గర్నుంచి ఎవరో ఏదో ఎత్తుకుపోతున్నట్టు కనిపించింది.

"చెడ్డవేం చూడనండీ" అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. మన సంఘాల్లో చూపు గురించి ప్రసంగం అంటే ఏం చూడకూడదో చెప్పడమే. నాకు పెళ్ళైన కొత్తలో టీవీని దయ్యపు పెట్టె అని ప్రసంగించిన బోధకులు ఉండేవాళ్ళు. అదే బోధకుల ప్రసంగాలు తర్వాత టీవీలోనే వచ్చాయనుకో, అది వేరే సంగతి. ఆ దూరదర్శన్ రోజుల్లో రాత్రి అయ్యేసరికి కార్యక్రమాలు అయిపోయేవి. తెర మీద చుక్కలు వచ్చేవి. చూడాలనుకున్నా చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. దీపం ఆర్పి పడుకునేవాళ్ళం.

నీ ఫోన్‌లో ఆ అయిపోవడం లేదు. ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో పేజీకి అడుగు ఉండేది, అక్కడ తర్వాతి పేజీకి వెళ్ళాలా వద్దా అని మనల్ని అడిగేది. 2006లో ఏజా రాస్కిన్ అనే అమెరికా డిజైనర్ ఆ అడుగు లేకుండా చేసే పద్ధతి కనిపెట్టాడు. కిందికి జరిపే కొద్దీ కొత్తది తనంతట తానే వచ్చేస్తుంది. దానివల్ల ఏం జరిగిందో చూశాక ఆయనే బాధపడ్డాడు. విందుకి వెళ్తే మనం ఎలా లేస్తాం? పెరుగన్నం అయ్యాక విస్తరి మడుస్తాం. మడిస్తే వడ్డించేవాడు ముందుకెళ్ళిపోతాడు. మడవడానికి అంచే లేని విస్తరి ముందు నిన్ను కూర్చోబెట్టారు. ఇంకో గరిటె, ఇంకో గరిటె. పైగా ప్రతి గరిటే బాగోదు. అయిదు చప్పటివి, ఒకటి అమోఘం. ఆ ఒక్కటి ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే కూర్చోబెట్టేది. గేలం వేసినవాడు లేవలేకపోవడం కూడా అందుకే. రోజూ చెప్పిన టైముకి చేప పడితే వాడు హాయిగా ఇంటికెళ్ళిపోడూ?

నాలుగుసార్లు తీసేశానన్నావు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ని నిషేధించింది. మా వీధిలో తల్లులందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండు వారాలు తిరక్కముందే ఇన్‌స్టాగ్రామ్‌వాళ్ళు ఇక్కడ రీల్స్ తెచ్చారు. సెప్టెంబర్‌లో యూట్యూబ్‌వాళ్ళు షార్ట్స్‌ని మొదట మన దేశంలోనే పెట్టి చూశారు. ఒక తలుపు మూస్తే రెండు తెరుచుకున్నాయి. మత్తయి పన్నెండో అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిన ఇల్లు గుర్తుందా? అపవిత్రాత్మ వెళ్ళిపోయింది. ఇల్లు ఊడ్చారు, సర్దారు. అయితే లోపల ఎవరూ లేరు. తిరిగొచ్చి చూసి, తనకంటే చెడ్డవాటిని ఇంకో ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చి కాపురం పెట్టింది. నువ్వు నాలుగుసార్లు ఊడ్చావు. పదింటి నుంచి ఒంటిగంటన్నర దాకా ఆ ఇంట్లో ఇంకెవర్నైనా ఉంచావా అన్నది నా ప్రశ్న.

ఆ సంగతికి వస్తాను. ముందు ఒక పాత కథ.

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఎవాగ్రియస్ అనే సన్యాసి ఉండేవాడు. లోకాన్ని వదిలేసి, ఒక్క గదిలో, ప్రార్థనకే జీవితం ఇచ్చినవాళ్ళలో ఒకడు. వాళ్ళని అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది మధ్యాహ్నం వచ్చే దయ్యం అని రాశాడు. ఆ పేరు 91వ కీర్తనలోది. మన తెలుగు బైబిల్లో "మధ్యాహ్నమందు పాడుచేయు రోగము" అని ఉంటుంది. అది ఏం చేస్తుందో కూడా రాశాడు. సూర్యుడు కదలట్లేదనిపిస్తుందట. రోజుకి యాభై గంటలున్నట్టు ఉంటుందట. సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు. లేచి బయటికి వస్తాడు. భోజనానికి ఇంకెంతసేపుందో అని ఎండ చూస్తాడు. ఎవరైనా సహోదరుడు ఇటు వస్తున్నాడేమో అని అటూ ఇటూ చూస్తాడు. ఫోన్ లేదు, కరెంటు లేదు, చుట్టూ ఇసుక. అయినా ఆ చూపు కిటికీ వైపే పోయింది. నీ చెయ్యి బ్యాగులోకి పోయింది. దీన్నిబట్టి నీ భక్తి నటన అంటే, ఆ ఎడారి తండ్రులందర్నీ నటుల కింద లెక్కెయ్యాలి.

నీ భక్తి సంగతి వదిలెయ్యి. నీ రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. నువ్వు రాయలేదు గానీ నేను ఊహించగలను. అయిదింటికి లేస్తావు. బాబుని తయారు చేస్తావు. డ్యూటీ నుంచి ఆయన వచ్చి పడుకుంటే చప్పుడు కాకుండా గిన్నెలు తోముతావు. సాయంత్రం బాబు, వంట, రేపటి ఇడ్లీ పిండి. పదింటికి గానీ ఇంట్లో ఎవరికీ నీతో పని ఉండని నిమిషం దొరకదు. రోజు మొత్తంలో నీదంటూ ఉన్న టైం అదొక్కటే. దాన్ని పడుకుని పాడుచేసుకోవడం ఇష్టం లేక కళ్ళు మండుతున్నా లాగుతావు. రేపు తెల్లారితే మళ్ళీ అందరి సొత్తు అయిపోతావు కాబట్టి. ఇందులో లోకాశ కంటే అలసట ఎక్కువుంది తల్లీ. పక్కన మాట్లాడే మనిషి లేకపోవడం కూడా ఉంది.

రాజుల మొదటి గ్రంథం పందొమ్మిదిలో ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి ప్రాణం తీసెయ్యమని అడుగుతాడు. అంత పెద్ద ప్రవక్త. దేవుడు దూతని పంపాడు. దూత వచ్చి విశ్వాసం గురించి బోధించాడా? లేచి భోజనం చెయ్యమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్ళు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు మెల్లని స్వరంతో మాట్లాడడం, అవన్నీ తర్వాత.

అందుకని నేను చెప్పే మొదటి మాట నీకు వింతగా ఉండొచ్చు. రాత్రి పదింటికి బైబిల్ చదవొద్దు. పడుకో. "ప్రభువా, ఈరోజు ఇంతే నా వల్ల అయింది" అని దుప్పటి కప్పుకో. వాక్యానికి ఇంకో వేళ వెతుక్కో, పొద్దున బాబు లేవకముందో, వాణ్ణి బడికి పంపాకో. పది నిమిషాలు చాలు. ఒళ్ళు తూలుతున్నప్పుడు మిగిలిన ముక్క దేవుడికిచ్చి, అదీ ఇవ్వలేకపోయానని ఏడవడం ఆపేస్తే సగం బరువు దిగుతుంది.

రెండోది, బైబిల్‌ని ఆ ఫోన్‌లోంచి బయటికి తియ్యి. బజారుకి వెళ్ళే దారిలోనే సారా కొట్టు ఉందని తెలిసీ తాగుడు మానినవాణ్ణి రోజూ అదే దారిన పంపుతామా? అటక మీదో బీరువాలోనో నీ పెళ్ళినాటి బైబిల్ ఉండే ఉంటుంది. దించు. దాంతోపాటు వంద రెండొందలు పెట్టి ఒక అలారం గడియారం కొను. "అలారం కోసమే ఫోన్ పక్కన పెట్టుకుంటానండీ" అని నాకు ఉత్తరాలు రాసేవాళ్ళు చాలామంది. ఫోన్ ఛార్జింగ్ వంటగదిలో, మిక్సీ పక్కన. ఆయన నైట్ డ్యూటీలో ఉంటారు కాబట్టి అర్జెంటు ఫోన్ వస్తుందన్న భయం ఉంటే రింగ్ గట్టిగా పెట్టుకో, వినపడుతుంది.

యూట్యూబ్ సెట్టింగుల్లో నువ్వు చూసినవాటి హిస్టరీ ఉంటుంది. దాన్ని చెరిపేసి, ఆపెయ్యి. అలా చేస్తే తెరవగానే కనపడే పేజీలో సిఫార్సు వీడియోలు రావు, ఖాళీగా ఉంటుంది. కావాల్సింది నువ్వే వెతుక్కోవాలి. పాట కావాలంటే పాట పేరు కొట్టు, విను, మూసెయ్యి. వాట్సాప్ స్టేటస్‌లు మ్యూట్ చెయ్యి. అయిదింటికల్లా వాగ్దాన వచనం పంపే గ్రూపుల్ని కూడా. బాధపడకు, వాగ్దానాలు మ్యూట్ అవ్వవు.

భక్తి రీల్స్ గురించి కొంచెం కటువుగానే చెప్తాను, పాటలు, ప్రసంగాల ముక్కలే కదా అని నీకు నువ్వు చెప్పుకుంటున్నావు కాబట్టి. నలభై సెకన్ల ప్రసంగం ముక్క విని, బొటనవేలితో దాన్ని పైకి తోసేసి, దాని కింద చీర చూస్తే విన్నట్టా? ఒక కూడికకి వెళ్ళి, పాస్టర్‌గారు రెండు మాటలు మాట్లాడగానే లేచి పక్క పందిట్లోకి, అక్కణ్ణించి ఇంకో పందిట్లోకి రాత్రంతా తిరిగితే ఏం విన్నావని అడిగితే ఏం చెప్తావు? "ఈ మాట నీకోసమే, పది సెకన్లలో ఆమెన్ అని కామెంట్ పెట్టు" అనేవి మరీ దారుణం. ఆమెన్ అన్న మాటని గంట కొట్టడానికి వాడుకుంటున్నారు. ఒక పాస్టర్‌ని ఇంకో పాస్టర్ తిట్టే వీడియోల జోలికే పోకు. అవి చూశాక ప్రార్థన వచ్చిన మనిషిని నేనింకా చూడలేదు.

నేనేదో గట్టు మీద నిలబడి చెప్తున్నాననుకోకు. మూడేళ్ళ క్రితం నాకు చీరల లైవ్‌ల పిచ్చి పట్టింది. కొనేది లేదు, ఊరికే చూడ్డం. ఒకరోజు కుటుంబ ప్రార్థనలో మావారు కళ్ళు మూసుకుని దీర్ఘంగా ప్రార్థిస్తున్నారు. నేను ఒళ్ళో ఫోన్ పెట్టుకుని శబ్దం లేకుండా చూస్తున్నాను. ఆయన ఆగి, ఇక నువ్వు ప్రార్థించు అన్నారు. నా నోట్లోంచి "మెరూన్ బాగుంది" అని వచ్చింది. ఆయన చాలాసేపు నవ్వారు. పాస్టరమ్మని, అరవై దాటినదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను బాగుచేసింది మాత్రం ఆ సిగ్గు కాదు. సిగ్గు మర్నాటికే పోయింది. మర్నాటి నుంచి ఆయన రోజూ రాత్రి తొమ్మిదింటికి ఏమీ అనకుండా చెయ్యి చాపేవారు, నేను ఫోన్ ఇచ్చేదాన్ని. అంతే. చెయ్యి చాపే మనిషి ఒకరు కావాలి.

నీకు సగం రోజులు ఆయన ఉండరు. అలాంటి రాత్రుల కోసం నీ ఈడు సోదరి ఒకామెని చూసుకో, నీలాంటి ఇబ్బందే ఉన్నామె అయితే మరీ మంచిది. పదింటికి ఇద్దరూ ఫోన్ చేసుకోండి. అయిదు నిమిషాలు మాట్లాడి, ప్రార్థన చేసుకుని, ఫోన్ వంటగదిలో పెట్టెయ్యండి. ఊడ్చిన ఇంట్లో ఎవర్నైనా ఉంచమన్నాను కదా, అది ఇలాంటిదే. ఇంకొకటి, ఆయనతో కూర్చుని మాట్లాడు. సెలవు రోజున రెండు గంటలు బాబుని ఆయన చూసుకోవాలి. ఆ రెండు గంటలు నీవి. కుట్టుకుంటావో, పుట్టింటికి వెళ్తావో, మేడ మీద ఊరికే కూర్చుంటావో నీ ఇష్టం. పగలు కొంచెం టైం దొరికిన మనిషి రాత్రిని అంతగా పట్టుకుని వేలాడదు.

కీప్యాడ్ ఫోన్ కొనమన్న పెద్దాయన్ని తప్పు పట్టను. కన్ను అభ్యంతరపెడితే తీసి పారెయ్యమన్నది ప్రభువే. కొందరికి అదే మందు. నీకు మాత్రం బాబు బడి మెసేజ్‌లు, కరెంటు బిల్లు, ఫోన్‌పే అన్నీ అందులోనే కదా. అమ్మేసి, వారానికే ఎవరిదో అడుక్కుని, నెలకి మళ్ళీ కొనుక్కుంటే అది అయిదోసారి ఊడ్చినట్టవుతుంది. ముందు పైన చెప్పినవి చేసి చూడు. కొన్ని వారాలు గడిచినా నిద్ర, తిండి, బాబు సంగతి కూడా పట్టనంతగా లాగుతుంటే, లేదా దిగులు కమ్మేస్తుంటే, ఒక్కదానివే మొయ్యకు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడ్డానికి ప్రభుత్వంవాళ్ళు పెట్టిన టెలీ మానస్ నంబర్ 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో అయితే ఇలాంటివాటి కోసమే 2014 నుంచి ప్రత్యేకంగా క్లినిక్ నడుపుతున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్తే విశ్వాసం లేనట్టు కాదు. సువార్త రాసిన లూకా డాక్టరే.

వచ్చే డిసెంబర్ 31న దయచేసి తీర్మానం చెయ్యకు. "నీవు మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలు" అని బైబిల్లో ప్రసంగి గ్రంథం చెప్తుంది. నీలాంటివాళ్ళకి మాట తప్పిన బాధ ఫోన్ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. తప్పాం కదా, ఇక ఈ రాత్రికి ఎలాగూ పోయింది అని ఇంకో రెండు గంటలు చూస్తారు. జారినప్పుడు, ఒంటిగంట కానీ రెండు కానీ, ఫోన్ వంటగదిలో పెట్టి వచ్చి పడుకో. మర్నాడు శిక్షగా ఉపవాసం ఉండకు. ఆ రోజు మామూలుగా టిఫిన్ తిను.

ఇక ఆ వరస. ఉత్తరం రెండుసార్లు చదివాను, వరస ఎందుకు ఆగిందో నువ్వు రాయలేదు. ఫోన్ చూస్తున్నావు కాబట్టి నీకూ తెలిసి ఉండదు. మా సంఘంలో అయితే ప్రతి నెలా ఒకచోట ఆగుతుంది. ఎనభై దాటిన ఒకావిడ, మోకాళ్ళు వంగవు, మోకరించకుండా తీసుకోనంటుంది. ఇద్దరు చెరో జబ్బా పట్టుకుని మెల్లగా దించుతారు. ముసుగు జారిపోతే వెనకాల నిలబడ్డ పిల్ల సర్దుతుంది. తీసుకున్నాక ఆవిడ వెంటనే లేవదు. పెదాలు కదుపుతూ అలాగే ఉంటుంది. అయ్యగారు గిన్నె పట్టుకుని ఆగుతారు. మేమంతా ఆగుతాం. నెల మొత్తంలో నాకు నిజంగా ప్రార్థన వచ్చేది ఒక్కోసారి ఆ రెండు నిమిషాల్లోనే.

వచ్చే సంస్కారపు ఆదివారం బ్యాగ్ పక్కావిడకి అప్పజెప్పి, ఒట్టి చేతులతో వెళ్ళు. వరస ఎందుకు ఆగిందో చూసి నాకు రాయి.